కూడాలా, గుణించాలా?

రెండు పాచికలు కలిపి వేస్తే కనీసం ఒకదాని మీదైనా ఆరు పడే అవకాశం ఎంత? ఒక్కో పాచిక మీద ఆరు పడే అవకాశం 1/6 కాబట్టి రెండూ కూడి 1/3 అని చెప్పేవాళ్లు చాలామంది. అసలు జవాబు 11/36. రెండు పాచికలకూ కలిపి 36 జతలు వస్తాయి. మొదటి పాచిక మీద ఆరున్న జతలు ఆరు, రెండో పాచిక మీద ఆరున్న జతలు ఆరు. కూడితే పన్నెండు. కానీ రెండింటి మీదా ఆరు పడిన జత ఈ లెక్కలోనూ ఉంది, ఆ లెక్కలోనూ ఉంది. దాన్ని ఒకసారి తీసేస్తే పదకొండు మిగులుతాయి. ఒక్క ఘటన సంభావ్యత కట్టడం పెద్ద పనేమీ కాదు. రెండు మూడు ఘటనలను కలిపి చూడాల్సి వచ్చినప్పుడే ఎక్కడ కూడాలి, ఎక్కడ గుణించాలి అన్న చిక్కు మొదలవుతుంది.

ఫలితం ఏదో ముందుగా చెప్పలేకపోయినా, రాగల ఫలితాలన్నీ ఏవేవో తెలిసిన పనిని గణితంలో యాదృచ్ఛిక ప్రయోగం అంటారు. ఆ ఫలితాలన్నింటి సమితి పేరు శాంపిల్ ఆవరణ. అందులోంచి కొన్ని ఫలితాలను ఏరి గుంపు కడితే అది ఘటన. పాచిక మీద సరిసంఖ్య పడటం ఒక ఘటన. అందులో రెండు, నాలుగు, ఆరు అనే మూడు ఫలితాలున్నాయి. ఫలితాలన్నింటికీ సమాన అవకాశం ఉంటే, అనుకూలమైన వాటి సంఖ్యను మొత్తం సంఖ్యతో భాగిస్తే సంభావ్యత వస్తుంది. అసలు జరగనిదానికి 0, జరిగి తీరేదానికి 1, తక్కినవన్నీ ఆ మధ్యలో. రష్యన్ గణితవేత్త ఆంద్రే కొల్మొగొరోవ్ 1933లో ఈ శాస్త్రానికి గట్టి పునాది వేసినప్పుడు, ఘటన అంటే సమితే అన్న భావన మీదే దాన్ని నిలబెట్టాడు. అందుకే సమితుల పాఠంలో చదివిన సమ్మేళనం, ఛేదనం ఇక్కడ మళ్లీ ఎదురవుతాయి.

పేకాట తెలిసినవారికి ఈ రెండూ ఇట్టే అర్థమవుతాయి. జోకర్లు తీసేసిన కట్టలో 52 ముక్కలు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు ఒక్కోటి 13. ఆసులు నాలుగు. కట్ట బాగా కలిపి ఒక ముక్క తీస్తే అది ఇస్పేటు కావడం ఒక ఘటన, ఆసు కావడం ఇంకో ఘటన. రెండూ ఒకేసారి జరగడం, అంటే ఇస్పేటు ఆసే రావడం, వాటి ఛేదనం. దాని సంభావ్యత 1/52. రెండింటిలో కనీసం ఒకటి జరగడం వాటి సమ్మేళనం. ఇస్పేటు ముక్కలు 13, ఆసులు 4, రెండుసార్లు లెక్కకొచ్చిన ఇస్పేటు ఆసు 1. కాబట్టి 13 + 4 − 1 = 16; సంభావ్యత 16/52. ఇదే సంకలన సూత్రం: విడివిడి సంభావ్యతలు కూడి, ఛేదనం సంభావ్యతను తీసేయాలి. గణితంలో 'ఇది లేదా అది' అన్నప్పుడు రెండూ జరిగిన సందర్భం కూడా అందులో కలిసే ఉంటుంది.

ఛేదనం ఖాళీగా ఉంటే తీసేయడానికేమీ ఉండదు, నేరుగా కూడవచ్చు. ఒకే ముక్క రాజూ రాణీ కాలేదు కనుక రాజు లేదా రాణి వచ్చే అవకాశం 4/52 + 4/52 = 8/52. ఇలాంటివి పరస్పర వివర్జిత ఘటనలు. పాచికల లెక్కలో 1/3 అని పొరపడటానికి కారణం కూడా ఇదే. రెండు పాచికల మీదా ఆరు పడే వీలున్నా, లేనట్టుగా కూడేశారు.

ఛేదనం కట్టడంలోనే అసలు కష్టం ఉంది. దాన్ని ఒక్క గుణకారంతో తేల్చే వీలు కల్పించేది స్వతంత్రత. ఒక ఘటన జరిగిందని తెలిసినా రెండో ఘటన అవకాశం పెరగక, తగ్గక అలాగే ఉంటే ఆ రెండూ స్వతంత్ర ఘటనలు. అప్పుడు రెండూ జరిగే సంభావ్యత వాటి విడి సంభావ్యతల లబ్ధం. తీసిన ముక్క ఇస్పేటు అని ఎవరో చూసి చెప్పారనుకుంటే, అది ఆసు అయ్యే అవకాశం 13లో 1. ఏమీ చెప్పకపోతే 52లో 4, అంటే అదే 1/13. చెప్పినా చెప్పకపోయినా ఒకటే కాబట్టి ఇవి స్వతంత్రాలు. గుణించి చూసినా 1/4 × 1/13 = 1/52 అని సరిపోతుంది.

ఇప్పుడు అదే కట్టలో ఒక్క జోకర్ వేస్తే సంగతి మారిపోతుంది. ముక్కలు 53. ఇస్పేటు వచ్చే అవకాశం 13/53, ఆసు వచ్చే అవకాశం 4/53. వీటి లబ్ధం 52/2809. ఇస్పేటు ఆసు వచ్చే నిజమైన అవకాశం మాత్రం 1/53, అంటే 53/2809. వెంట్రుకవాసి తేడా, అయినా తేడాయే. తీసినది ఇస్పేటు అని తెలియగానే అది జోకర్ కాదని కూడా తెలిసిపోతుంది, దాంతో ఆసు అయ్యే అవకాశం కొద్దిగా పెరుగుతుంది. ఇస్పేటుకూ ఆసుకూ జోకర్‌తో ఏ సంబంధమూ లేదు, అయినా దాని రాకతో వాటి స్వతంత్రత పోయింది. పైకి సంబంధం కనిపించనంత మాత్రాన రెండు ఘటనలు స్వతంత్రాలైపోవు. అవునో కాదో లెక్కే తేల్చాలి.

పరీక్షల్లో విద్యార్థులు తరచూ పడే పొరపాటు ఒకటి ఇక్కడే విడదీసి చెప్పాలి. పరస్పర వివర్జిత ఘటనలనూ స్వతంత్ర ఘటనలనూ ఒకటే అనుకుంటారు. నిజానికి రెండూ దాదాపు ఎదురెదురు విషయాలు. రాజు వచ్చిందని తెలిస్తే రాణి రాలేదని ఖాయంగా తెలిసిపోతుంది. ఒకదాని కబురు రెండోదాని గురించి ఇంత కచ్చితంగా చెప్పేస్తుంటే అవి స్వతంత్రాలు ఎలా అవుతాయి? జరిగే వీలున్న రెండు ఘటనలు పరస్పర వివర్జితాలైతే అవి ఎన్నటికీ స్వతంత్రాలు కావు.

క్రికెట్ టాస్ స్వతంత్ర ఘటనలకు చక్కటి ఉదాహరణ. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్ మొదలుకొని భారత పురుషుల జట్టు వరుసగా 20 వన్డేల్లో టాస్ ఓడిపోయింది. ఈ మధ్యలో రోహిత్ శర్మ, కేఎల్ రాహుల్, శుభ్‌మన్ గిల్ కెప్టెన్లుగా నాణెం ముందు నిలబడ్డారు, ఫలితం మారలేదు. ఒక్కో టాస్ ఓడే అవకాశం 1/2. ముందుగా అనుకున్న 20 మ్యాచ్‌ల్లోనూ ఓడే అవకాశం 1/2ను ఇరవైసార్లు గుణిస్తే వస్తుంది: 10,48,576లో 1. ఇరవై ఓడారు కనుక ఇరవై ఒకటోది గెలిచి తీరాలని కొందరు, ఈ జట్టుకు టాస్ కలిసిరాదని కొందరు అనుకున్నారు. నాణానికి పాత టాస్‌లు గుర్తుండవు. 2025 డిసెంబరు 6న విశాఖపట్నంలో దక్షిణాఫ్రికాతో మ్యాచ్‌కు ముందు నాణెం ఎగిరినప్పుడు కూడా అవకాశం సగమే. ఆ రోజు రాహుల్ టాస్ గెలిచాడు. పది లక్షల్లో ఒకటి అన్న అంకె ఆట మొదలు కాకముందు ఇరవై టాస్‌ల మొత్తానికి కట్టినది. ఇరవై అయిపోయాక మిగిలిన ఒక్క టాస్‌కు దాన్ని అంటగట్టకూడదు.

కనీసం ఒకసారైనా జరగడం అన్న ప్రశ్న వచ్చినప్పుడు నేరుగా వెళ్లడం కంటే చుట్టుతిరిగి వెళ్లడమే సులువు. ఒక్కసారి కూడా జరగని సంభావ్యత కట్టి 1 లోంచి తీసేస్తే చాలు. ఈ శాస్త్రం పుట్టుకలోనే ఆ ప్రశ్న ఉంది. ఫ్రాన్స్‌లో షెవలియే ద మేరే అనే జూద ప్రియుడు పాచికల పందేలకు సంబంధించిన కొన్ని చిక్కులను బ్లేజ్ పాస్కల్ ముందుంచాడు. 1654లో పాస్కల్, పియరీ ద ఫెర్మా రాసుకున్న ఉత్తరాలతో సంభావ్యతా శాస్త్రానికి దారి పడింది. ఒక పాచికను నాలుగుసార్లు వేస్తే కనీసం ఒక ఆరు పడుతుందని పందెం కాయడం లాభమే. మరి రెండు పాచికలను 24 సార్లు వేస్తే కనీసం ఒకసారి జంట ఆర్లు పడతాయని కాస్తే? ఆరింటిలో నాలుగు ఎంతో, ముప్పై ఆరింటిలో ఇరవై నాలుగు అంతే కదా అన్నది మేరే తర్కం. రెండు పందేలూ సమానం కావాలి. కాలేదు.

ఒక పాచిక మీద ఆరు పడకపోయే అవకాశం 5/6. వరుసగా నాలుగుసార్లు పడకపోయే అవకాశం 5/6ను నాలుగుసార్లు గుణిస్తే 625/1296. కనీసం ఒకసారి పడే అవకాశం మిగిలిన 671/1296, అంటే 51.8 శాతం. జంట ఆర్లు పడకపోయే అవకాశం 35/36. దాన్ని 24 సార్లు గుణిస్తే 0.509 దాకా వస్తుంది, కాబట్టి పడే అవకాశం 49.1 శాతమే. మొదటి పందెంలో లాభం, రెండో పందెంలో నష్టం. ఇంకొక్కసారి ఎక్కువగా, 25 సార్లు వేయనిస్తే 50.5 శాతానికి చేరి మళ్లీ లాభంలో పడుతుంది. మేరే చేసిన తప్పు పాచికల జతలో 1/3 అన్నవారిదే: ఒకదాని మీదొకటి పడే సందర్భాలను తీసేయకుండా అవకాశాలను కూడటం.

స్వతంత్రత లేనిచోట గుణకారం పూర్తిగా పనికిరాకుండా పోదు. రెండో సంఖ్యను మార్చుకోవాలి, అంతే. కట్టలోంచి తీసిన ముక్కను తిరిగి పెట్టకుండా ఇంకోటి తీస్తే రెండూ ఆసులు కావడానికి అవకాశం 4/52 × 4/52 కాదు. మొదటిది ఆసు అయితే మిగిలిన 51 ముక్కల్లో ఆసులు మూడే, కనుక 4/52 × 3/51 = 1/221. మొదటిది జరిగిందన్న షరతు మీద రెండోదానికి ఉండే ఈ అవకాశమే నియత సంభావ్యత. గుణన సూత్రం అసలు రూపం ఇదే. నియత సంభావ్యతా మామూలు సంభావ్యతా ఒకటైనప్పుడు దాన్నే స్వతంత్రత అంటున్నారు.

ఘటనలు మూడయ్యేసరికి ఇంకో మెలిక ఉంది. రెండు నాణాలు ఎగరేసినప్పుడు మొదటిది బొమ్మ కావడం, రెండోది బొమ్మ కావడం, రెండూ ఒకేలా పడటం అనే మూడు ఘటనలకూ సంభావ్యత 1/2 చొప్పున. ఏ రెండింటిని తీసుకున్నా స్వతంత్రాలే. కానీ మొదటి రెండూ జరిగితే మూడోది జరిగి తీరుతుంది. మూడూ కలిసి జరిగే అవకాశం 1/8 కావాల్సింది 1/4 అయింది. జతలుగా స్వతంత్రాలైనా మొత్తంగా కాకపోవచ్చన్నమాట.

ఈ సూత్రాలు కుటుంబాలకు బాగా అవసరమయ్యే చోటు తలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధి. తల్లిదండ్రులిద్దరూ ఈ వ్యాధికి వాహకులైతే, అంటే ఇద్దరిలోనూ లోపమున్న జన్యువు ఒక్కో ప్రతి ఉంటే, వారి ఆరోగ్యానికి పెద్ద ఇబ్బంది ఉండదు. కానీ పుట్టే బిడ్డకు తల్లి నుంచి ఆ ప్రతి వచ్చే అవకాశం 1/2, తండ్రి నుంచి వచ్చే అవకాశం 1/2, రెండూ వచ్చి జబ్బు పడే అవకాశం 1/4. ఈ 1/4ను 'నలుగురు పిల్లల్లో ఒకరికి' అని విన్నవారు కొందరు, మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ భయం లేదనుకుంటారు. ఇది చాలా ప్రమాదకరమైన అపోహ. ప్రతి కాన్పూ స్వతంత్ర ఘటనే. అన్నకు జబ్బున్నా లేకపోయినా కడుపులో ఉన్న బిడ్డకు అవకాశం అదే పాతిక శాతం. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ రావడం 1/16. కనీసం ఒకరికి రావడం 1/4 + 1/4 − 1/16 = 7/16, అంటే సగానికి కాస్త తక్కువ.

అదే జబ్బు విషయంలో ఇంకో అడుగు వెనక్కి వెళ్తే స్వతంత్రత చెదిరిపోతుంది. సమాజంలో వందకు నలుగురు వాహకులనుకుంటే, ఏ బంధుత్వమూ లేని వధూవరులు ఇద్దరూ వాహకులయ్యే అవకాశం 4/100 × 4/100. అంటే పదివేల జంటల్లో 16. తెలుగునాట మేనరికాలు చాలాకాలంగా ఉన్నాయి. మేనమామ, మేనకోడలు పెళ్లాడితే ఈ గుణకారం చెల్లదు. మేనమామ వాహకుడైతే ఆ జన్యువు అతని తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉంటుంది. అదే ప్రతి అతని అక్కకు కూడా వచ్చి ఉండే అవకాశం 1/2, అక్క నుంచి ఆమె కూతురికి చేరే అవకాశం మళ్లీ 1/2. కనుక వధువు వాహకురాలయ్యే అవకాశం నాలుగు శాతం దగ్గర ఆగదు, పాతిక శాతానికి పోతుంది. పదివేల జంటల్లో ఇద్దరూ వాహకులైనవి 16 ఉండాల్సింది సుమారు 100 అవుతాయి. బావామరదళ్లయితే ఈ దారిలో ఇంకో తరం చేరుతుంది, 1/8 పడుతుంది. పదివేలకు 50 దాకా. తాతముత్తాతల నుంచి ఒకే జన్యువు రెండు దారుల్లో దిగివస్తుంటే రెండు ఘటనలను వేర్వేరుగా చూడటం కుదరదు. వాహకులెవరో రక్తపరీక్షలో తెలిసిపోతుంది కాబట్టి, దగ్గరి సంబంధం చేసుకునే కుటుంబాలు పెళ్లికి ముందే ఆ పరీక్ష చేయించుకోవడం ఎంతో అవసరం.

లేని స్వతంత్రతను ఉందనుకుని గుణిస్తే ఒక మనిషి బతుకు ఏమవుతుందో ఇంగ్లండ్‌లో శాలీ క్లార్క్ కేసు చూపించింది. ఆమె న్యాయవాది. 1996 డిసెంబరులో మొదటి కొడుకు, 1998 జనవరిలో రెండో కొడుకు పసికందులుగానే చనిపోయారు. ఆమే చంపిందన్న అభియోగం వచ్చింది. వారిలాంటి స్థితిగతులున్న కుటుంబంలో పసిబిడ్డ కారణం తెలియకుండా నిద్రలో చనిపోయే అవకాశం 8,543లో 1 అనీ, కాబట్టి ఇద్దరూ అలా చనిపోయే అవకాశం దాని వర్గం, అంటే సుమారు 7 కోట్ల 30 లక్షల్లో 1 అనీ పిల్లల వైద్య నిపుణుడు రాయ్ మెడో కోర్టులో సాక్ష్యమిచ్చాడు. 1999 నవంబరులో ఆమెకు యావజ్జీవ శిక్ష పడింది.

వర్గం చేయాలంటే రెండు మరణాలూ స్వతంత్రాలై ఉండాలి. అన్నదమ్ములకు తల్లిదండ్రులు ఒకరే, ఇల్లు ఒకటే, జన్యువులు చాలావరకు ఒకటే. ఒక బిడ్డ అలా పోయిన ఇంట్లో రెండో బిడ్డకు ముప్పు మామూలు కంటే ఎక్కువగా ఉండటానికి ఇన్ని కారణాలున్నాయి. 2001 అక్టోబరులో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఈ అంకెకు గణాంక ఆధారం లేదని బహిరంగంగా ప్రకటించింది. అందులో రెండో దోషం కూడా ఉంది. మరణాలు సహజంగా సంభవించే అవకాశం తక్కువైనంత మాత్రాన ఆమె నిర్దోషి అయ్యే అవకాశం కూడా అంతే తక్కువని కాదు. తల్లి ఇద్దరు బిడ్డలను చంపడం కూడా అత్యంత అరుదే. ఆ రెండు అరుదైన సంగతులనూ పక్కపక్కన పెట్టి తూచాలి. రెండో బిడ్డకు సంబంధించిన ఒక సూక్ష్మజీవ పరీక్ష నివేదికను విచారణలో బయటపెట్టలేదని తేలడంతో 2003 జనవరిలో అప్పీలు కోర్టు శిక్ష కొట్టేసింది. అప్పటికే మూడేళ్లకు పైగా జైల్లో గడిపిన ఆమె 2007లో కన్నుమూసింది.

యంత్రాల భద్రతలో కూడా ఇదే ప్రశ్న. ఒకటి చెడిపోయినా ఇంకోటి పనిచేస్తుందని రెండేసి, మూడేసి అమర్చుకుంటారు. ఒక జనరేటర్ అవసరానికి నడవకపోయే అవకాశం 1/100 అయితే, రెండూ నడవకపోయే అవకాశం 1/10,000 అని గుణించి ధైర్యపడతారు. జపాన్‌లో ఫుకుషిమా దైచీ అణు విద్యుత్ కేంద్రంలో ఆరు యూనిట్లకు 13 అత్యవసర డీజిల్ జనరేటర్లున్నాయి. 2011 మార్చి 11న భూకంపానికి బయటి కరెంటు పోయింది, జనరేటర్లు అందుకున్నాయి. ఇంచుమించు 50 నిమిషాల తర్వాత సునామీ వచ్చి వాటిలో చాలావాటినీ, వాటి కరెంటును పంచే స్విచ్ బోర్డులనూ ముంచేసింది. చివరికి అక్కరకొచ్చింది ఆరో యూనిట్‌లోని గాలితో చల్లబడే జనరేటర్ ఒక్కటే. పదమూడింటికీ ఒకే నీటి ముప్పు ఉన్నప్పుడు పదమూడు భిన్నాలను గుణించడంలో అర్థం లేదు.

స్వతంత్రత ఉందో లేదో తెలియనప్పుడు కూడా కచ్చితంగా చెప్పగలిగిన మాటలు కొన్ని ఉన్నాయి. సమ్మేళనం సంభావ్యత విడి సంభావ్యతల మొత్తాన్ని ఎన్నడూ మించదు. ఛేదనం సంభావ్యత వాటిలో చిన్నదాన్ని ఎన్నడూ మించదు. రెండు జనరేటర్ల విషయంలో కనీసం ఒకటి మొరాయించే అవకాశం 2/100 దాటదు. రెండూ మొరాయించే అవకాశం సున్నాకూ 1/100కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. గుణించి తెచ్చిన 1/10,000 ఆ హద్దుల మధ్య ఉన్న ఒక్క బిందువు మాత్రమే.

భద్రతా ఇంజినీర్లు ఇప్పుడు ఉమ్మడి కారణాల లెక్క విడిగా కడతారు. ఆ 1/100లో పదో వంతు, అంటే 1/1000, వరదలాగా అన్నింటినీ ఒకేసారి దెబ్బతీసే కారణానిదనుకుంటే, రెండూ ఆగిపోయే అవకాశం పదివేలలో 1 నుంచి దాదాపు 11కు పెరుగుతుంది. మూడో జనరేటర్ తెచ్చి పెట్టినా, నాలుగోది పెట్టినా ఆ అవకాశం 1/1000 కంటే కిందికి దిగదు. దాన్ని దించాలంటే ఒకటి నేలమాళిగలో ఉంటే ఇంకోటి ఎత్తు మీద, ఒకటి నీటితో చల్లబడేదైతే ఇంకోటి గాలితో చల్లబడేదిగా విడదీసి పెట్టాలి.